నకలు పిటిషన్, పదమూడు క్యాసెట్లు

కాపీరైటు కేసులో నేను కాపీ రాంగు చేశాను. ఇది నేనంటే గిట్టనివాళ్ళు పుట్టించిన మాట కాదు. నేనే ప్రమాణం చేసి, సంతకం పెట్టి, ఎల్లారెడ్డి కోర్టులో దాఖలు చేసుకున్న నిజం. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో భద్రంగా ఉంది. అడిగినవాళ్ళకు చూపిస్తారు కూడా. ఎవరూ అడగకూడదని నా కోరిక.

నేను కామారెడ్డిలో వకీలుని. భూమి పంపకాలు, గట్టు తగాదాలు, బాటల గొడవలు, బెయిళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఇదే నా సాగు. కంప్యూటరు గురించి నాకు తెలిసిందల్లా అది కోర్టు ఎదురుగా టైపింగ్ సెంటరులో ఉంటుందని, నేను నోటితో చెప్పింది దాని పక్కనున్న డబ్బాలోంచి కాగితం మీద బయటికొస్తుందని. అంతటి పండితుణ్ణి వీడియో గేముల కేసు ఒప్పుకున్నాను. ఒప్పుకుని ఊరుకున్నా బాగుండేది. జడ్జిగారికి టెక్నాలజీ ఏం తెలుస్తుందిలే, నేనే కాస్త విడమరచి చెబుతాననుకున్నాను. ఆ అనుకోవడం దగ్గరే నా వకాలత్‌లో గలత్ మొదలైంది.

కేసు ఎల్లారెడ్డి బజారులో సెల్‌ఫోన్లు, టీవీలు బాగుచేసే ఒక భాయ్‌ది. నా వయసువాడే. పదహారేళ్ళు గల్ఫులో ఆటల యంత్రాలు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేశాడు. తిరిగొచ్చేటప్పుడు అందరూ అత్తరు సీసాలు, దుప్పట్లు తెస్తే ఈయన పదమూడు గేమ్ క్యాసెట్లు తెచ్చుకున్నాడు. టీవీకి తగిలించి ఆడే పాతకాలపు పెట్టె ఒకటి ఉండేది చూడండి, దాని నెత్తిమీద గుచ్చే నల్లటి క్యాసెట్లు. అక్కడ దుకాణంలో ఒక్కొక్కటే కొనుక్కున్నవి. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు ఆ పెట్టె కాలిపోయింది. దాని విడిభాగాలు ఎక్కడా దొరకవు, చేసిన కంపెనీయే చేయడం మానేసింది. ఇంకొకడైతే క్యాసెట్లను అటక మీద పడేసేవాడు. ఈయన రెండేళ్ళు కూర్చుని, ఒక్కో క్యాసెట్ లోపలున్నదాన్ని కంప్యూటరులోకి దించాడు. ఆ కంప్యూటరు పాత పెట్టెలా నడుచుకునేట్టు ఒక ప్రోగ్రామును అమర్చాడు. దాన్నే ఎమ్యులేటర్ అంటారు. షాపులో ఒక మూలకు టీవీ, దాని కింద ఈ కంప్యూటరు. ఫోను బాగయ్యేదాకా కూర్చున్నవాళ్ళు ఊరికే ఆడుకునేవాళ్ళు. పక్క దుకాణం టైలరైతే ఫోను చెడిపోకపోయినా వచ్చి ఆడేవాడట.

హైదరాబాదు నుంచి ఒక గేముల కంపెనీ ప్రతినిధి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, చేతిలో ల్యాప్‌టాప్. దొంగ గేములు అమ్మే షాపులను పట్టుకుంటూ ఊరూరా తిరగడం ఆయన ఉద్యోగం. ఈ షాపు ముందు ఆగి, టీవీలో తన కంపెనీ ఆట కనబడేసరికి ఫిర్యాదు ఇచ్చాడు. పోలీసులు వచ్చి చట్టం ప్రకారం సామాను సీజు చేశారు, పంచనామా రాశారు, భాయ్‌ని జీపులో కూర్చోబెట్టారు. సాయంత్రానికి బెయిలు మీద వదిలేశారు కానీ, ఎక్కడం అందరూ చూశారు. దిగడం ఎవరు చూస్తారు?

నా దగ్గరికొచ్చి భాయ్ అడిగింది ఒక్కటే.

"కంప్యూటర్ పోతే పోనియ్‌రి వకీల్ సాబ్. గది దొంగతనం సామాను కాదని కోర్టు తోటి అనిపియ్యుండ్రి. మళ్ల గదే మూలకు, పట్టపగలు, అందరు సూస్తుండంగ తెచ్చి పెట్టుకుంట. గంతే."

ఆ తర్వాత ఒక గంటసేపు క్యాసెట్ అంటే ఏమిటో, దాన్ని ఎలా దించాడో, ఎమ్యులేటర్ ఏం చేస్తుందో చెప్పాడు. నేను తల ఊపుతూనే ఉన్నాను. ఎదుట ఫోను తెరిచి, మర్నాటి కేసుల జాబితా చూసుకుంటూ ఊపాను. "సమజయింది భాయ్, మొత్తం సమజయింది" అన్నాను. తల ఊపడంలో నాకు ఇరవై ఏళ్ళ అనుభవం.

మా దగ్గర పిటిషన్ పుట్టే పద్ధతి చెప్పాలి. వకీలు కూర్చుని రాస్తాడని బయటివాళ్ళు అనుకుంటారు. టైపింగ్ సెంటరులో ఒక అమ్మాయి ఉంటుంది. ఆమె కంప్యూటరులో మా అందరి పాత పిటిషన్లూ దాచిపెట్టి ఉంటాయి. "ఫలానాది ఒకటి తియ్యమ్మా" అంటే తీస్తుంది. పేరు, తండ్రి పేరు, ఊరు, క్రైమ్ నంబరు మారుస్తుంది. పది నిమిషాల్లో కొత్త కష్టానికి పాత కాగితం తయారు. నేను "సీజైన సామాను వాపసుది, కాపీరైటుది తియ్యి" అన్నాను. తీసింది. అది ఎన్నో ఏళ్ళ కింద దొంగ సినిమా సీడీలు అమ్మినవాడి కోసం నేనే వేసిన పిటిషన్. వాడు నిజంగానే అమ్మాడు కాబట్టి అందులో ఒక పేరా కాళ్ళావేళ్ళా పడినట్టు ఉంటుంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెబితే ఇది: పిటిషనరు చట్టం తెలియక నకలు సీడీలను అమ్మకానికి పెట్టాడు, ఇకముందు అలాంటి తప్పు చేయడు, దయచూడండి. ఆ అమ్మాయి సామాను పేర్లు అడిగింది. పంచనామాలో ఉన్నట్టే కొట్టమన్నాను. పంచనామాలో "నల్లటి ప్లాస్టిక్ డబ్బాలు, పదమూడు" అని ఒక వరుస ఉంది. అవేమిటని నేను అనుకోనైనా అనుకోలేదు. టిఫిను డబ్బాలేమో అనుకున్నా ఆశ్చర్యం లేదు. చదవకుండా సంతకం పెట్టాను. భాయ్‌కి ఇంగ్లీషు రాదు, వకీలు మీద నమ్మకం ఉంది. నేను వేలు పెట్టి చూపించిన చోట ఆయనా పెట్టాడు.

ఎల్లారెడ్డి మేజిస్ట్రేటు గారు వయసులో నాకంటే చాలా చిన్న. కేసు పిలవగానే ఆమె అడిగిన మొదటి ప్రశ్న, ఈ ఎమ్యులేటర్ అంటే ఏమిటి, కొంచెం చెప్పండి అని. అడిగిన తీరులో నిజంగా తెలుసుకోవాలనే ఉంది. నాకు మాత్రం అది అమాయకత్వంలా వినబడింది. కాలరు సర్దుకున్నాను.

"సులువుగా చెప్తాను మేడం. మీ ఇంటి తాళంచెవి పోయిందనుకోండి. డూప్లికేటు చాబీ చేయించుకుంటారు కదా. ఇదీ అంతే. డూప్లికేటు చాబీ."

"తాళం ఎవరిది?"

"కంపెనీది మేడం."

"చాబీ చేయించినట్టు కంపెనీకి తెలుసా?"

"తెలియదు మేడం."

ప్రభుత్వ వకీలు లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. తాను చెప్పాల్సింది నేనే చెప్పేశానన్నారు. కోర్టులో నవ్వకూడదు కాబట్టి అందరూ దగ్గారు. మేడం పిటిషన్ తిప్పి, నాలుగో పేరాలో ఆగారు. మీ క్లయింటు నకలు సీడీలు అమ్మాడని మీరే రాశారు, అసలు ఈ కేసులో సీడీలు ఎక్కడున్నాయి అని అడిగారు. చాబీ సంగతి చెప్పినంత సులువుగా దీన్ని చెప్పలేకపోయాను. టైపింగులో పొరపాటు అన్నాను. ఆమె నా వైపు కాక భాయ్ వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. జాలి ఉంది. పిటిషన్ కొట్టేశారు.

వరండాలో కంపెనీ ప్రతినిధి నా పక్క నుంచి నడుస్తూ ఆగాడు. ఆ నాలుగో పేరా ఆయన కూడా చదివాడు.

"ఏమీ అనుకోకండి సార్. మీ పిటిషన్ కూడా పైరేటెడేనా?"

బాగుంది. నిజాయితీగా చెప్పాలంటే ఆ మాట నేను అనుంటే ఏడాదిపాటు చెప్పుకుని తిరిగేవాణ్ణి. నవ్వాను. నవ్వకపోతే తగిలినట్టు తెలుస్తుంది.

అంతవరకూ జరిగింది తెలివితక్కువతనం. తర్వాత చేసింది అంతకంటే తక్కువ పని. భాయ్ వచ్చి, ఏమైంది వకీల్ సాబ్ అన్నాడు. నేను కళ్ళు చెట్టు మీద పెట్టి జవాబు చెప్పాను.

"ఏం జేస్తం భాయ్. మేడంకు టెక్నాలజీ తెల్వది."

ఆయన నమ్మాడు. నమ్మడమే కాదు, ఆమె తరఫున బాధపడ్డాడు.

"పాపం. ఆమెకు గివన్ని ఎవరు చెప్పిండ్రు గనుక."

ఎవరు చెప్పాలో వాళ్ళే ఆయన ముందు నిలబడి ఉన్నారు. నల్లకోటు వేసుకుని ఉన్నారు కూడా.

తిరుగు బస్సులో లింగంపేట దాటేదాకా కిటికీలోంచి చూశాను, తర్వాత ఫోను తీశాను. ఎమ్యులేటర్ అనే మాటను మొదటిసారి వెతికాను. విదేశాల్లో పెద్ద పెద్ద గేము కంపెనీలు దీని మీద ఏళ్ళ తరబడి కొట్లాడాయట. పాత యంత్రం చేసే పనిని కొత్త యంత్రంతో చేయించడం వేరు, అందులో ఆడించే ఆటను దొంగిలించడం వేరు అని అక్కడి జడ్జీలు నానా తంటాలు పడి విడదీశారట. వాళ్ళెవరూ కంప్యూటర్లు చదువుకున్నవాళ్ళు కారు. ఎవరో ఒకరు నిలబడి, ఓపికగా, సరైన పోలిక చెప్పారు. జడ్జీలకు టెక్నాలజీ తెలియదనే మాట మేము కోర్టు వరండాల్లో పల్లీలు తిన్నంత తేలిగ్గా అంటాం. జడ్జికి వ్యవసాయం తెలియకపోయినా గట్టు తగాదా తేలుతుంది, ఎందుకంటే గట్టు ఎక్కడుందో మేము చూసొచ్చి చెబుతాం. ఇక్కడ నేను గట్టు చూడకుండానే పొలం అమ్మేసి వచ్చాను. మన చట్టంలోనే, ప్రోగ్రాము కొనుక్కున్నవాడు అది పోకుండా ఒక ప్రతి తీసి దాచుకోవచ్చని ఉంది. తాడ్వాయి వచ్చేసరికి అదీ కనబడింది. దిగాల్సిన స్టాపు దాటిపోయినా బాగుండు, కామారెడ్డి దాటి ఎటైనా పోదును అనిపించింది.

నాలుగు రోజులకు ఆర్డరు నకలు చేతికొచ్చింది. రెండు పేజీలు. చివరి పేరాలో మేడం రాసింది దాదాపు ఇది: ఎమ్యులేటర్ అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఈ కోర్టు ప్రయత్నించింది, కానీ తగిన సాయం అందలేదు. పిటిషనరు తరఫున అందిన సాయం ప్రాసిక్యూషన్‌కు ఉపయోగపడింది. సరైన వివరాలతో మళ్ళీ పిటిషన్ వేసుకోవచ్చు. నా పేరు ఎక్కడా లేదు. లేకపోవడం వల్లే ఇంకా ఎక్కువ కనబడ్డాను. ఆ నకలును ఇంట్లో ఎవరికీ దొరకకుండా బీరువాలో పట్టాదారు పాసుబుక్కుల కింద పెట్టాను, ఎవరైనా వెతుకుతారన్నట్టు.

భాయ్ ఫోను చేస్తే రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి కోర్టులో ఉన్నానన్నాను. ఆ రోజు ఆదివారం.

ఇంకో వారానికి కామారెడ్డి బస్టాండు దగ్గర ఆయన నాకు ఎదురుగా వస్తూ కనబడ్డాడు. నేను చెరుకురసం బండి వెనక్కి జరిగాను. లావుపాటి మనిషిని, బండి సన్నది. ఆయన నేరుగా వచ్చి, రెండు గ్లాసులు చెప్పాడు. ఒకటి నా చేతికిచ్చాడు. ఏదో ఫోను డిస్‌ప్లే కోసం వచ్చానని, షాపు తెరుస్తున్నాను కానీ మనుషులు తక్కువైపోయారని చెప్పాడు. టైలరు ఇప్పుడు షాపుకు రావడం లేదట, వాళ్ళింట్లో వద్దన్నారట. ఇవన్నీ మామూలుగానే చెప్పాడు. ఒక్క మాట దగ్గర మాత్రం గ్లాసు కిందపెట్టాడు.

"మా గల్లీల అవ్వ రేడియో రిపేరుకిచ్చింది వకీల్ సాబ్. మొన్నొచ్చి, కాకున్నా సరే ఇయ్యి బిడ్డా అని తీస్కపోయింది. నా తాన ఉంటే ఏమైతదో అని ఆమె భయం. ఆమెను ఏమంట?"

నేనూ గ్లాసు కిందపెట్టాను. అక్కడే, బస్సులు హారన్లు కొడుతుంటే, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన మాట వినలేదని, పిటిషన్ వేరేవాడిదని, నేను చాబీ అన్నందుకే ఆయన దొంగ అయ్యాడని, మేడం అడిగింది సరైన ప్రశ్నేనని. ఆదివారం సంగతి కూడా చెప్పాను. ఒకసారి మొదలైతే ఆగలేదు.

ఆయన చివరిదాకా విన్నాడు. నేను ఇంకో వకీలును పెట్టుకోమని చెప్పబోతుంటే అడిగాడు.

"అయితే మేడంను నేను ఊకెనే పాపం అన్ననా?"

"ఊకెనే అన్నవు భాయ్."

"సరే. మళ్ల మొదలుసంది చెప్తా. ఈపాలి ఫోన్ లోపల పెట్టుండ్రి."

మర్నాడు ఎల్లారెడ్డి వెళ్ళి ఆయన షాపులో ముక్కాలి పీట మీద కూర్చుని, పాఠం చెప్పించుకున్నాను. నల్లటి ప్లాస్టిక్ డబ్బాలంటే ఆ పదమూడు క్యాసెట్లేనని అక్కడ తెలిసింది. ఆయన నిర్దోషి అని చెప్పగలిగిన పదమూడు మంది సాక్షులను నేను డబ్బాలని కోర్టులో ఒప్పుకున్నానన్నమాట. వాటిని కొన్న బిల్లులు గల్ఫు దుకాణానివి, సగం వెలిసిపోయి, ఆయన పాత పాస్‌పోర్టు కవరులో ఉన్నాయి. నేను మొదటిరోజే అడిగుంటే మొదటిరోజే ఇచ్చేవాడు.

కొత్త పిటిషన్ వేయాలంటే పాత ఒప్పుకోలును వెనక్కి తీసుకోవాలి. దానికి, ఆ మాటలు క్లయింటువి కావు, నేను వేరే కేసులోంచి నకలు చేసినవి అని నేనే అఫిడవిట్ ఇవ్వాలి. టైపింగ్ సెంటరుకు పోయి, గొంతు తగ్గించి విషయం చెప్పాను. ఆ అమ్మాయి ఫైళ్ళన్నీ వెతికి తల అడ్డంగా ఊపింది.

"ఇసొంటి అఫిడవిట్ మా తాన నమూనా లేదు సార్. ఇంతవరకు ఎవ్వరు కొట్టియ్యలే. మీరే చెప్పాలె."

వెనక బల్ల మీద ఇద్దరు వకీళ్ళు తమ కాగితాల కోసం కూర్చుని ఉన్నారు. నేను చెప్పాను, ఆమె కొట్టింది. చాలా ఏళ్ళ తర్వాత నా సొంత మాటలతో ఒక కాగితం తయారైంది, అదీ నా మీదనే. మధ్యలో ఆమె, "మూర్ఖత్వం అని పెట్టాల్నా సార్, నిర్లక్ష్యం అని పెట్టాల్నా" అని అడిగింది. వెనక బల్ల మీద మళ్ళీ దగ్గు వినబడింది. నిర్లక్ష్యం అని పెట్టించాను. ఇంగ్లీషులో అది కాస్త గౌరవంగా ఉంటుంది.

రెండోసారి కేసు పిలిచిన రోజు, మాకంటే ముందు ఒక భూమి కేసు నడుస్తోంది. అందులో నిజాం కాలంనాటి కాగితం ఒకటి, మొత్తం ఉర్దూలో. మా కోర్టుల్లో ఇలాంటివి తరచుగా వస్తాయి. వాటిని చదవడానికి ఒక ముసలాయన వస్తుంటాడు, ఆ రోజు రాలేదు. అధికారిక అనువాదం తర్వాత తెప్పిద్దాం, ప్రస్తుతానికి ఇది దేని గురించో చదవగలిగినవాళ్ళు ఉన్నారా అని మేడం అడిగారు. వెనకనుంచి భాయ్ చెయ్యెత్తాడు. ముందుకొచ్చి, ఆ గొలుసుకట్టు రాతను వెలుతురుకు పట్టుకుని, ఒక్కో పంక్తి చదువుతూ తెలుగులో చెప్పాడు. సర్వే నంబరు, హద్దులు, చెలక భూమి ఎవరిది, ఎవరికి. రెండు పక్షాల రైతులూ మెడలు చాచి విన్నారు. తాతల కాలంనుంచి తమ ఇంట్లో ఉన్న కాగితం మాట్లాడగా వాళ్ళు వినడం అదే మొదటిసారి.

తర్వాత మా కేసు. నా అఫిడవిట్‌ను మేడం చదివారు. ఆమె చదివేలోపు నేను బల్ల మీది గీతలన్నీ లెక్కపెట్టాను. తలెత్తి, సరే, ఇప్పుడు చెప్పండి, ఎమ్యులేటర్ అంటే ఏమిటి అన్నారు. మళ్ళీ అదే ప్రశ్న. ఇంటి దగ్గర అద్దం ముందు అంతా నేర్చుకునే వచ్చాను. ఇంకోసారి నేను పోలిక చెబితే భాయ్‌కి ఏ శిక్ష పడుతుందో అని భయమేసింది. ఆయన్నే చెప్పనివ్వమని వేడుకున్నాను. మేడం ఒప్పుకున్నారు.

భాయ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడం, ఇప్పుడే గా కాగితం చదివిన. కాగితం వాళ్లది, భూమి వాళ్లది. నేను ఏం దీస్కపోలే. పాత జబాన్ వాళ్లకు రాదు, నాకొస్తది, నడుమల నిలబడి చెప్పిన. గీ ప్రోగ్రాం గదే పని జేస్తది. క్యాసెట్‌ది పాత జబాన్. కొత్త కంప్యూటర్‌కు గది తెల్వది. నడుమల ఇది సదివి ఇనిపిస్తది."

మేడం పెన్ను కిందపెట్టారు. ఒక్క క్షణం ఆలోచించి, నేను జన్మలో అడగలేని ప్రశ్న అడిగారు.

"చదివినవాడు దొంగ కాదు. అది అర్థమైంది. కాగితం దొంగదైతే? మీరు చదివించే కాగితం ఎక్కడిది?"

"గా నల్లడబ్బలే మేడం. పదమూడు. నేను కొన్నయి."

బిల్లులు అందించాను. ఈసారి సరైన కాగితాలే అందించాను.

కంపెనీ ప్రతినిధి ఊరుకోలేదు. ఈ ఆటలు మా కంపెనీవి, ఇప్పటికీ పాత ఆటలన్నీ కలిపి అమ్ముతున్నాం, చూడండి అని ల్యాప్‌టాప్ తెరిచి అందులో ఒకటి ఆడించి చూపించాడు. అదే ఆట, అదే పాట. అనుమతి అడిగి నేను లేచాను. ఈ ఆట పుట్టినప్పుడు ఏ పెట్టె మీద ఆడేవారని అడిగాను, చెప్పాడు. ఆ పెట్టె ఇప్పుడు చేస్తున్నారా అంటే లేదన్నాడు. మీ ల్యాప్‌టాప్ ఆ పెట్టేనా అంటే కాదన్నాడు. మరి ఎలా ఆడుతోందన్నాను. ఆయన కార్డు తాడును వేలికి చుట్టుకున్నాడు. లోపల ఒక ప్రోగ్రాము ఉంటుంది, పాత పెట్టెలాగా పనిచేస్తుంది అన్నాడు. నేను తర్వాతి ప్రశ్న వెతుక్కుంటుంటే మేడమే అడిగారు.

"దాన్ని ఏమంటారు?"

"ఎమ్యులేటర్, మేడం. కానీ అది మా కంపెనీ సొంతది."

"సొంతదే. దాన్ని నేను తప్పనలేదు. ఎమ్యులేటర్ ఉన్నంత మాత్రాన ఆయనదీ తప్పు కాదంటున్నాను."

కేసు చివరికి ఏమవుతుందో విచారణలో తేలుతుందని, అది ఇంకా నడుస్తూనే ఉందని కూడా చెప్పాలి. కానీ ఆ రోజు ఆర్డరులో మేడం, ఇవి దొంగ సామాను అనడానికి ప్రస్తుతానికి ఆధారం లేదని రాయించి, అడిగినప్పుడు తెచ్చి చూపించాలనే షరతుతో భాయ్‌కి వాపసు ఇమ్మన్నారు. ఆయన ఆ ఒక్క ముక్కను నాతో మూడుసార్లు తెలుగులో చెప్పించుకున్నాడు. నా జీవితంలో నేను చేసిన సరైన అనువాదం అదే అనుకుంటాను.

ఆర్డరు రాయిస్తుండగా నేను ఇంకొక్క మనవి చేశాను. సామాను సున్నితమైనది మేడం, రేపు ఏదైనా పాడైందని గానీ, మార్చారని గానీ తగాదా రాకూడదు, షాపులోనే బిగించి, కంపెనీ ప్రతినిధి సమక్షంలో పదమూడు ఆటలూ ఒక్కొక్కటే నడిపి చూసి, ఆయన సంతకంతో రిపోర్టు దాఖలు చేస్తాం అన్నాను. చాలా సబబుగా ఉంది. మేడం సరేనన్నారు. నా లోపల ఏముందో ఆమెకు తెలిసిందేమో, పెదవి చివర కొంచెం కదిలినట్టు అనిపించింది. అది నా ఊహ కావచ్చు.

చెప్పిన రోజున పగలు పదకొండింటికి ప్రతినిధి ఎల్లారెడ్డిలో బస్సు దిగాడు. కారు దొరకలేదట. బజారంతా షాపు ముందే ఉంది. భాయ్ కంప్యూటరును అదే మూలకు, టీవీ కింద పెట్టాడు. ముందు తన రుమాలుతో ఆ చోటు తుడిచాడు. తీగలు తగిలించి, మీట నొక్కాడు. తెర వెలిగింది. ఆయన వెనక్కి తిరిగి జనంవైపు చూడలేదు కానీ, భుజాలు కొంచెం పైకి లేచాయి. నాకు అప్పుడే వెళ్ళిపోదామనిపించింది. అంత నిండుగా ఉన్న చోట, ప్రతినిధి మీద నా కచ్చ చాలా చిన్నది. అయినా వెళ్ళలేదు.

ఆటలు నడుస్తున్నాయి కదా, సంతకం పెట్టేస్తాను అన్నాడు ప్రతినిధి. నడవడం వేరు, ఆడటానికి పనికిరావడం వేరు, కోర్టువారు పరీక్షించమన్నారు, కంపెనీవారు మీరే ఉండగా మేమెవరం అని ఆట ఆడే జాయ్‌స్టిక్ కర్ర తీసి ఆయన చేతిలో పెట్టాను. భాయ్ కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. ఆయన ఈ ఆటలను పట్టుకోవడమే గాని ఆడినట్టు లేదు. మొదటి ఆటలో నిమిషంలోపే గోతిలో పడ్డాడు. రెండో దాంట్లో ఏదో పిట్ట వచ్చి తగిలింది. టైలరు గుమ్మంలోంచి, "ఎగురు సార్, ఎగురు" అంటున్నాడు. ఆయన ఎగిరేసరికి పిట్ట వెళ్ళిపోయింది, గోడ వచ్చింది. నేను ముక్కాలి పీట మీద కూర్చుని ఒక్కో ఆటకు ఒక్కో వరుస రాస్తూ పోయాను: యంత్రం సక్రమంగా పనిచేసినది, కంపెనీ ప్రతినిధి స్వయంగా ఆడినాడు, ఓడిపోయినాడు.

పదమూడూ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. ఆయన రిపోర్టు చదివి నా వైపు చూశాడు.

"ఓడిపోయానని ప్రతిచోటా రాయాలా సార్?"

"యంత్రం బాగుందనడానికి అదే గదా సాక్ష్యం" అన్నాను.

ఆయన పదమూడు చోట్ల సంతకం పెట్టాడు. నిజానికి తొమ్మిదో ఆటలో ఆయన మొదటి అంకం దాటి రెండో దాంట్లోకి పోయాడు, జనం చప్పట్లు కూడా కొట్టారు. దాన్ని రాయడానికి కాగితంలో చోటు లేకపోయింది.